ముప్పై ఉపమాన కథల ఆడియో సెట్: కథలు బంగారం, చివరి నిమిషమే వద్దు

ముందే చెప్పేస్తాను, ఈ ఆడియో సెట్ కొనుక్కోమనే నా సలహా. కాకపోతే ప్రతి కథ చివరా "ఈ కథలోని నీతి ఏమిటంటే" అంటూ ఒక నిమిషం, నిమిషంన్నర వస్తుంది. ఆ మాట వినపడగానే ఆపేయండి. నా బాధంతా ఆ ఒక్క నిమిషం గురించే. కథలు బాగోలేకపోతే ఇంత రాసేదాన్ని కాదు.

సెట్‌లో ముప్పై కథలున్నాయి. ఉపనిషత్తులవి, మహాభారతంలోవి, బుద్ధుడి సూత్రాల్లోవి, బైబిల్ పాత నిబంధనలోవి, సువార్తల్లోవి. చివర్లో రూమీవి రెండు చేర్చారు. రూమీ 13వ శతాబ్దపు పారశీక సూఫీ కవి, మిగతావాటి పక్కన బాగా కొత్తవాడే, అయినా ఆ రెండూ బాగున్నాయి. ఒక్కొక్కటి ఏడు నుంచి పద్దెనిమిది నిమిషాలు. ఒక పెద్దాయన, ఒకావిడ పంచుకుని చదివారు. డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా వినొచ్చు. యాప్ ఒకటి రెండుసార్లు నిలిచిపోయింది తప్ప పెద్దగా ఇబ్బంది పెట్టలేదు.

నేను కుటుంబ తగాదాల్లో కౌన్సెలింగ్ చేస్తాను. పదిహేడేళ్లుగా ఇదే పని. భార్యాభర్తలో, అన్నదమ్ములో, అత్తాకోడళ్లో ఎదురుగా కూర్చుని ఎదుటివాళ్ల తప్పులు ఒక్కొక్కటే లెక్కపెడుతుంటారు. తన తప్పు మాత్రం ఎవరికీ కనపడదు. దాన్ని చూపించడమే నా ఉద్యోగం. నేరుగా వేలు పెట్టి చూపిస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మనిషి ముఖం గట్టిపడిపోతుంది, చేతులు కట్టుకుంటాడు, ఇక ఏం చెప్పినా గోడకు చెప్పినట్టే. కథ చెబితే ఆ చేతులు విడతాయి. రెండు మూడు వేల ఏళ్ల కిందటి వాళ్లు ఈ పని ఎలా చేశారో చెవులారా వినాలనే ఈ సెట్ తీసుకున్నాను.

ఏడో కథతో మొదలుపెడతాను. సెట్‌లో అన్నిటికన్నా బాగా చదివిందీ అదే, బాగా పాడు చేసిందీ అదే.

బైబిల్ పాత నిబంధనలో సమూయేలు రెండో గ్రంథం, 12వ అధ్యాయం. దావీదు రాజు ఊరియా అనే తన సైనికుడి భార్య బత్షెబను తెచ్చుకున్నాడు. సంగతి బయటపడుతుందని ఊరియాను యుద్ధంలో భీకరంగా పోరు జరిగే చోట, ముందు వరసలో నిలబెట్టించి చంపించాడు. రాజు తప్పు రాజుతో చెప్పేదెవరు? నాతాను ప్రవక్త వెళ్లాడు. ఊరియా పేరు ఎత్తలేదు. తీర్పుకు వచ్చిన తగాదాలాగా ఒక సంగతి చెప్పాడు. ఒక ఊళ్లో ఇద్దరున్నారు. ధనవంతుడికి గొర్రెలూ గొడ్లూ లెక్కలేనన్ని. పేదవాడికి ఒకే ఒక్క ఆడ గొర్రెపిల్ల, అదీ కొనుక్కున్నది. వాడి పిల్లలతో పాటే పెరిగింది. వాడి ముద్దలోదే తినేది, వాడి గిన్నెలోదే తాగేది, వాడి ఒళ్లోనే పడుకునేది, వాడికి కూతురులాంటిది. ధనవంతుడి ఇంటికి ఎవరో బాటసారి వచ్చాడు. తన మందలోది కొయ్యడానికి మనసొప్పక, ఆ పేదవాడి గొర్రెపిల్లను పట్టుకెళ్లి వండించాడు.

దావీదుకు ఒళ్లు మండిపోయింది. ఆ పని చేసినవాడు చావాల్సిందే అన్నాడు, గొర్రెపిల్లకు నాలుగింతలు కట్టాలన్నాడు. అప్పుడు నాతాను ఒకే మాట అన్నాడు: "ఆ మనిషివి నువ్వే." హీబ్రూలో అది రెండే పదాలు.

ఈ కథ చిన్నప్పుడెప్పుడో విన్నాను. ఆ గొర్రెపిల్ల దగ్గర ఎప్పుడూ ఆగలేదు, ఈ సెట్ విన్నాకే ఆగాను. తినడం, తాగడం, పడుకోవడం. ఈ మూడూ అంతకు ముందు అధ్యాయంలోనే వచ్చాయి, ఊరియా నోట. దావీదు అతన్ని యుద్ధం నుంచి పిలిపించి, ఇంటికి వెళ్లి హాయిగా ఉండమంటే, తోటివాళ్లంతా బయట గుడారాల్లో ఉండగా నేను మాత్రం ఇంటికి పోయి తిని, తాగి, నా భార్య పక్కన పడుకోనా అన్నాడు ఊరియా. నాతాను గొర్రెపిల్ల గురించి చెబుతున్నట్టే చెబుతూ, చచ్చిపోయినవాడి మాటలు మూడింటినీ రాజు చెవిలో వేశాడు. హీబ్రూలో కూతురు అంటే "బత్". గొర్రెపిల్ల కూతురులాంటిది అన్నప్పుడు బత్షెబ పేరులో మొదటి అక్షరాలు పలికాయి. రాజుకు తెలియకుండానే రాజు లోపల ఏదో కదిలి ఉంటుంది. కోపం అంత గట్టిగా రావడానికి అదీ ఒక కారణమేమో అనిపిస్తుంది నాకు.

పెద్దాయన ఈ కథ చదివిన తీరుకు దణ్ణం పెట్టాలి. దావీదు తీర్పు అయిపోయాక ఆయన ఆగుతాడు. నేను లెక్కపెట్టాను, నాలుగు సెకన్లు. ఏ సంగీతమూ లేదు. తర్వాత గొంతు పెంచకుండా, దాదాపు జాలిగా, "ఆ మనిషివి నువ్వే" అంటాడు. మొదటిసారి విన్నప్పుడు వంటింట్లో నిలబడి ఉన్నాను, చేతిలో పని చేతిలోనే ఉండిపోయింది.

వెంటనే వీణ మోగింది, ఆ తర్వాత నీతి: "అధికారంలో ఉన్నవారు పేదవారిని దోచుకోకూడదు."

ఎంత నష్టమో చూడండి. నాతాను "నువ్వు" అన్నాడు. ఈ నిమిషం దాన్ని "వారు" చేసేసింది. నేను రాజును కాను, నాకు అధికారం లేదు, కాబట్టి ఈ కథ నా గురించి కాదు. వినేవాడికి తప్పించుకునే దారి తలుపు తీసి మరీ చూపించారు. కథంతా ఏ దారులైతే ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చిందో, ఆ దారులనే.

ఇలాంటి తప్పు ఒకసారి నేనూ చేశాను కాబట్టి ఇంత గట్టిగా అంటున్నాను. చాలా ఏళ్ల కిందట ఇద్దరు అన్నదమ్ముల తగాదా నా దగ్గరికి వచ్చింది. వాళ్లలో అన్నగారికి ఒక కథ చెప్పాను. బాగానే చెప్పాను, ముందుకు వంగి వింటున్నాడు. కథలోని మనిషి మీద ఆయనకు చిరాకు కూడా వచ్చింది. "వీడేం మనిషి మేడమ్" అనబోతున్నాడు, పెదవులు కదిలాయి. నేను ఆగలేకపోయాను. "మీరూ అంతే కదండీ" అనేశాను. ఆయన లేచి కుర్చీ వెనక్కి తోసి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. దావీదు తన నోటితో తాను తీర్పు చెప్పుకున్నాడు, నాతాను చూపించింది ఆ తీర్పు ఎవరిదన్నది మాత్రమే. నేను ఆయన తీర్పు నోట్లో ఉండగానే లాక్కున్నాను. ఆ కేసు ఫైలు ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది.

సెట్‌లో బృహదారణ్యక ఉపనిషత్తు కథ ఒకటుంది, ఏడు నిమిషాలది, అన్నిటికన్నా చిన్నది. ప్రజాపతి దగ్గర దేవతలు, మనుషులు, అసురులు ముగ్గురూ చదువుకున్నారు. వెళ్లేముందు ఒక ఉపదేశం చెయ్యమన్నారు. దేవతలతో "ద" అన్నాడు. అర్థమైందా అని అడిగాడు. అయింది, దమం అన్నారు కదా, మమ్మల్ని మేము అదుపులో పెట్టుకోమన్నారు అన్నారు వాళ్లు. మనుషులతోనూ "ద" అన్నాడు. వాళ్లకు దానం అని వినపడింది. అసురులతోనూ అదే "ద". వాళ్లకు దయ అని వినపడింది. ముగ్గురికీ ఆయన చెప్పిన జవాబు ఒక్కటే, అవును, అర్థమైంది మీకు.

ఇందులో కథ అన్నది దాదాపు లేదు. ఒక్క అక్షరం ఉంది. సుఖాల్లో తేలేవాళ్లకు అదుపు, కూడబెట్టుకునేవాళ్లకు దానం, క్రూరులకు దయ. ఎవరికి ఏది లేదో వాళ్లే చెప్పుకున్నారు. పైనుంచి ఎవరూ ఆరోపించలేదు కాబట్టి కాదనడానికి వీల్లేదు. నా వరకు నాకు ఉపమానం పనిచేసే తీరంతా ఈ ఒక్క అక్షరంలో ఉంది, అర్థంలో సగం చెప్పేవాడి దగ్గర ఉంటే మిగతా సగం వినేవాడి దగ్గర ఉంటుంది. పురుగు పట్టని గింజలాంటి ఈ కథకు కూడా చివర నిమిషంన్నర వ్యాఖ్యానం తగిలించారు. కథ ఏడు నిమిషాలు, అందులో వ్యాఖ్యానమే నిమిషంన్నర.

కొన్ని కథల్ని కుదించడంలో ఇంకో రకం పొరపాటు జరిగింది. బాణం దెబ్బ తిన్నవాడి కథ తీసుకోండి, మజ్ఝిమ నికాయం అనే బౌద్ధ గ్రంథంలో 63వ సూత్రం. మాలుంక్యపుత్తుడనే భిక్షువు బుద్ధుడి దగ్గరికొచ్చి, లోకం శాశ్వతమా కాదా, దీనికి అంతముందా లేదా, ఇవి చెబితేనే నీ దగ్గరుంటాను, లేదంటే వెళ్లిపోతానన్నాడు. బుద్ధుడు చెప్పిన కథ అందరికీ తెలిసిందే. విషం పూసిన బాణం దిగినవాడు, ముందు కొట్టిందెవరో చెబితేనే తీయనిస్తానన్నాడట.

రికార్డింగ్‌లో ఆ మనిషి మూడు ప్రశ్నలు అడిగాడు. ఎవరు కొట్టారు, ఏ ఊరివాడు, ఎలాంటి బాణం. అంతే, కథ అయిపోయింది. అనుమానమొచ్చి అసలు సూత్రం అనువాదం తీసి చదివాను. అక్కడ ప్రశ్నలు ఆగవు. కొట్టినవాడిది ఏ వర్ణం, పేరేమిటి, గోత్రమేమిటి, పొడుగా పొట్టా మధ్యస్థమా, నలుపా చామనఛాయా, ఏ పల్లె ఏ పట్నం. విల్లు ఏ రకం. అల్లెతాడు జిల్లేడు నారదా, వేరే నారదా, నరంతో చేసిందా. బాణం వెనక కట్టిన ఈకలు గద్దవా, రాబందువా, నెమలివా. దాన్ని చుట్టిన నరం ఎద్దుదా, గేదెదా, కోతిదా. నెమలి ఈకల దాకా వచ్చేసరికి నాకు ఊపిరాడలేదు. చాల్లేవయ్యా, ముందు ఆ బాణం తీయించుకో అని అరవాలనిపించింది. బుద్ధుడికి కావలసింది ఆ అరుపే. విసుగు పుట్టాల్సింది వినేవాడికి, మాలుంక్యపుత్తుడికి. తన ప్రశ్నల మీద తనకే విసుగు రావాలి. ఆ జాబితా పొడుగే ఇక్కడ వాదన. ఎడిటింగ్ చేసినవాళ్లు అది అనవసరమైన సాగదీత అనుకుని కత్తిరించారు. మూడు ప్రశ్నలైతే ఆ మనిషి కొంచెం తెలివితక్కువవాడు అనిపిస్తాడంతే. ముప్పై ప్రశ్నలైతే నేనే అనిపిస్తాడు.

ద్రాక్షతోట కూలీల కథను మాత్రం ముట్టుకోకుండా వదిలేశారు, అందుకు సంతోషం. మత్తయి సువార్త 20వ అధ్యాయం. తోట యజమాని పొద్దున్నే కొందర్ని రోజుకు ఒక దేనారం కూలికి మాట్లాడాడు. మళ్లీ కొంత పొద్దెక్కాక కొందర్ని, మధ్యాహ్నం కొందర్ని, చివరికి ఇంకో గంటలో పని ముగుస్తుందనగా కొందర్ని తెచ్చుకున్నాడు. సాయంత్రం అందరికీ ఒకటే దేనారం ఇచ్చాడు. పొద్దున్నుంచి ఎండలో మాడినవాళ్లు సణిగారు.

ఆవిడ చదువుతుంటే ఒక చోట గట్టిగా పట్టింది నన్ను. కూలి ఇచ్చేటప్పుడు యజమాని, చివర వచ్చినవాళ్లతో మొదలుపెట్టమంటాడు. పొద్దున వచ్చినవాళ్లకు ముందిచ్చి ఉంటే ఏమయ్యేది? డబ్బు తీసుకుని ఇళ్లకు వెళ్లిపోయేవాళ్లు. మాట్లాడుకున్న కూలి ముట్టింది, ఇక తగాదా ఏముంది? వాళ్లను వరసలో చివర నిలబెట్టి, గంట పనిచేసినవాడి చేతిలో దేనారం పడటం చూడనిచ్చారు. ఆశ పుట్టనిచ్చారు. తర్వాత అదే దేనారం వాళ్ల చేతిలో పెడితే తక్కువైనట్టు అనిపించింది. కథ కట్టినవాడు ఈ వరసను కావాలనే తిప్పాడు. మనమూ ఆ వరసలో చివరే నిలబడి ఉంటాం, మనకూ అన్యాయం అనిపిస్తుంది, అప్పుడు యజమాని అడుగుతాడు, నేను మంచివాణ్ని కావడం నీ కంటికి చెడ్డగా ఉందా అని. నా ఎదుట కూర్చునే అన్నదమ్ముల్లో సగంమంది బాధ ఇదే. తనకు తక్కువైందని కాదు, వాడికీ అంతే వచ్చిందని. ఈ కథను నేను ఇప్పటికే నాలుగుసార్లు వాడాను, పేర్లు మార్చి, తోట తీసేసి. వరస మాత్రం మార్చలేదు.

మంచి సమరయుడి కథ దగ్గర మళ్లీ నిరాశపడ్డాను. ధర్మశాస్త్రం తెలిసినవాడొకడు యేసును "నా పొరుగువాడెవడు?" అని అడుగుతాడు. దానికి జవాబుగా చెప్పిన కథ ఇది. యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారి. ఒకటి సముద్రమట్టానికి 700 మీటర్ల పైన, ఇంకోటి సముద్రమట్టానికి 200 మీటర్లకన్నా కింద, మధ్యలో కొండలూ లోయలూ. దొంగలు కొట్టి పడేసిన మనిషి పక్కనుంచి గుడి పూజారి అయిన యాజకుడు వెళ్లిపోయాడు, గుడి సేవలు చేసే లేవీయుడు వెళ్లిపోయాడు. మూడోవాడు మనలాంటి మామూలు యూదుడై ఉంటాడని వినేవాళ్లు అనుకుంటుండగా సమరయుడు వచ్చాడు. ఆ రెండు జాతుల మధ్య పగ ఎలాంటిదంటే, క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దం చివర్లో యూదుల పాలకుడు యోహాను హిర్కాను గెరిజీము కొండ మీదున్న సమరయుల గుడిని కూల్చేశాడు. ఆ పగ తెలియకుండా ఈ కథ వింటే దారిన పోయే మంచివాడి కథలాగే ఉంటుంది. సెట్‌లో దాని గురించి ఒక్క ముక్క లేదు.

చివర్లో యేసు ప్రశ్నను తిప్పి అడుగుతాడు, ఈ ముగ్గురిలో దొంగల చేతిలో పడ్డవాడికి పొరుగువాడైంది ఎవరు అని. ధర్మశాస్త్రి జవాబు లూకా రాసినదాంట్లో ఇలా ఉంటుంది: "వాని మీద జాలి చూపినవాడే." సమరయుడు అన్న మాట అతని నోట రాలేదు. ఒప్పుకున్నాడు, కానీ ఆ పేరు పలకలేకపోయాడు. గొంతులో అడ్డంపడింది. మారుతున్న మనిషి నిజంగా అలాగే ఉంటాడు, నేను రోజూ చూస్తాను. ఒప్పుకోవడం ఒక రోజు, పేరు పలకడం ఇంకో రోజు. ఈ రికార్డింగ్‌లో అతని చేత ఉత్సాహంగా "ఆ సమరయుడే!" అనిపించారు. విని చాలా బాధపడ్డాను.

ఈ సెట్ తయారుచేసినవాళ్లకు నాదొక విన్నపం. ఆ చివరి నిమిషాన్ని తీసేయలేకపోతే మొదటికి జరపండి. ఈ కథ ఎవరికి చెప్పారు, ఆ రోజు వాళ్లు ఏ కోపంతో, ఏ గర్వంతో కూర్చుని ఉన్నారు, అది చెప్పండి. మాకు కావలసింది అది. నాతాను ఎదుట రాజున్నాడని తెలియకపోతే గొర్రెపిల్ల కథలో ఏముంది?

ఇక్కడ ఎవరైనా ఒక మాట అడగొచ్చు. పాత గ్రంథాలే కొన్నిచోట్ల కథ చెప్పి వివరణ ఇచ్చాయి కదా అని. నిజమే. విత్తనాలు చల్లేవాడి కథకు మార్కు సువార్తలోనే వివరణ ఉంది, కానీ అది జనమంతా ఉండగా చెప్పింది కాదు, తర్వాత శిష్యులు ఏకాంతంలో అడిగితే చెప్పింది. మహాభారతం స్త్రీపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పిన బావి కథకైతే సుదీర్ఘమైన వివరణే ఉంది. సెట్‌లో ఇది ఇరవై రెండోది, పద్దెనిమిది నిమిషాలు, ఒక్క నిమిషం కూడా వృథా కాదు.

యుద్ధం అయిపోయింది. నూరుగురు కొడుకులూ పోయారు. ఆ ముసలి రాజు పక్కన కూర్చుని విదురుడు చెబుతాడు. ఒక బ్రాహ్మణుడు భయంకరమైన అడవిలో పడి పరిగెత్తుతూ, తీగలు కప్పేసిన పాడుబావిలో పడ్డాడు. తీగలకు చిక్కుకుని తలకిందులుగా వేలాడుతున్నాడు. కింద పెద్ద పాము. పైన ఆరు ముఖాలు, పన్నెండు కాళ్ల ఏనుగు. బావి అంచునున్న చెట్టును నల్ల ఎలుకలూ తెల్ల ఎలుకలూ కొరుకుతున్నాయి. పైనున్న తేనెపట్టు నుంచి ధార కారుతోంది. వాడు అదే తాగుతున్నాడు, ఎంత తాగినా తనివి తీరలేదు.

అప్పుడు ధృతరాష్ట్రుడు అంటాడు: అయ్యో, ఎంత కష్టం! ఆ చోటు ఎక్కడుంది? అతను ఎలా బయటపడతాడు? చెప్పు, ఏదైనా చేద్దాం, నాకు అతని మీద చాలా జాలి కలుగుతోంది.

పెద్దాయన ఈ ప్రశ్నను ఒక ముసలి తండ్రి గొంతుతో అడిగాడు, నిజంగా తెలియక అడిగినట్టు. కన్నీళ్లాగలేదు నాకు. దావీదుకు కోపం వచ్చింది, ధృతరాష్ట్రుడికి జాలి వచ్చింది, ఇద్దరికీ అది తానేనని తెలియదు. ఆ తర్వాత విదురుడు అడవి సంసారమని, పాము కాలమని, ఏనుగు సంవత్సరమని, ఆరు ముఖాలు ఋతువులని, పన్నెండు కాళ్లు నెలలని, ఎలుకలు రాత్రీ పగలూ అని ఒక్కొక్కటే విప్పుతాడు. ఈ వివరణ నాకు అడ్డం అనిపించలేదు. రాజు ముందే అడిగేశాడు, ఆ మనిషిని కాపాడాలనుకున్నాడు, ఇప్పుడు విప్పే ప్రతి ముడీ అతని చేతుల కట్టే. అదీకాక ఏడుస్తున్న మనిషికి రెండు పదాల దెబ్బ వేయడం విదురుడికి తెలియని పని. పక్కన కూర్చుని మెల్లగా విప్పాడు. ఈ కథ తర్వాత తర్వాత చాలా దూరం నడిచింది, బర్లాము, యోసాఫాతు అనే క్రైస్తవ సాధువుల కథలో కలిసి అరబ్బీ, జార్జియన్, గ్రీకు భాషల మీదుగా యూరప్ చేరింది. ఇటలీలో పార్మా నగరపు బాప్తిస్మ మందిరం గుమ్మం మీద ఆ చెట్టు, ఆ తేనె, కొరికే జంతువులు రెండూ రాతిలో చెక్కి ఉన్నాయి.

ఛాందోగ్య ఉపనిషత్తు నుంచి ఉద్దాలకుడు, శ్వేతకేతుల కథ పెట్టారు. పన్నెండేళ్లు చదువుకుని గర్వంగా ఇంటికొచ్చిన కొడుకు. తండ్రి మర్రిపండు తెమ్మంటాడు, చీల్చమంటాడు, అందులో గింజను చీల్చమంటాడు, ఏం కనపడుతోందంటాడు. ఏమీ లేదు అంటాడు కొడుకు. ఆ ఏమీ లేనిదాంట్లోంచే ఇంత మర్రి నిలబడింది నాయనా అంటాడు. ఇంకోసారి ఉప్పు నీళ్లలో వేయిస్తాడు, మర్నాడు పొద్దున పైనా మధ్యలో అడుగునా రుచి చూడమంటాడు. ప్రతిసారీ చివర ఒకే మాట, తత్త్వమసి, అది నీవే. నాతాను మాట వెంటనే గుర్తొచ్చింది నాకు. ఒకటి నేరం మోపుతుంది, ఒకటి ఎత్తుకు తీసుకెళ్తుంది, రెండూ ఆగేది మాత్రం నీ దగ్గరే. అయితే ఈ కథకు వెనకాల పక్షుల కూతలు, నీళ్ల చప్పుళ్లు ఎక్కువ పెట్టారు. తండ్రి "ఏం కనపడుతోంది?" అన్న తర్వాత నిశ్శబ్దం ఉండాలి. అక్కడ కోయిల కూసింది.

ఏనుగును తడిమిన గుడ్డివాళ్ల కథ మామూలుగానే ఉంది. కిసాగోతమి కథను ఆవిడ చాలా బాగా చదివింది. చచ్చిపోయిన బిడ్డను చంకలో పెట్టుకుని, ఎవరూ పోని ఇంటి నుంచి చిటికెడు ఆవాలు తెమ్మంటే ఊరంతా తిరిగిన తల్లి. బుద్ధుడు ఆమెకు కథ చెప్పలేదు, ఆమెనే ఇంటింటికీ నడిపించాడు. ఇది నేను కౌన్సెలింగ్‌లో ఎప్పుడూ వాడలేదు, వాడను. బిడ్డ పోయినవాళ్ల ముందు కథలు చెప్పే అర్హత నాకు లేదు.

ఇక తప్పిపోయిన కుమారుడి కథ. అమ్మ గురించి చెప్పకుండా దీని గురించి రాయలేను.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. చూపు తగ్గింది, రాత్రిళ్లు ఈ సెట్ పెట్టమంటుంది. అమ్మకూ పిన్నికీ ఆరేళ్లుగా మాటల్లేవు. కారణం ఇక్కడ రాయను. పదిహేడేళ్లుగా ఊళ్లోవాళ్ల తగాదాలు తీర్చే నేను మా ఇంట్లో దాన్ని ముట్టుకోలేకపోయాను.

ఆస్తి పంచుకుని వెళ్లి తగలేసుకున్న చిన్నవాడు తిరిగొచ్చినప్పుడు అమ్మ ఏమీ అనలేదు. పొలం నుంచి వచ్చిన పెద్దవాడు లోపల పాటలు, విందు విని గుమ్మం దగ్గర ఆగిపోయి, ఇన్నేళ్లు నీకు చాకిరీ చేశాను, నాకొక్క మేకపిల్లనైనా ఇచ్చావా అన్నప్పుడు మాత్రం మంచం మీద లేచి కూర్చుంది. "వాడన్నదాంట్లో తప్పేముందే?" అంది. నాకు ఒళ్లు జలదరించింది. కథ ఎవరి కోసం ఉందో వాళ్లను పట్టుకుంది.

పెద్దవాడు తమ్ముణ్ని తమ్ముడు అనడు. "నీ కొడుకు" అంటాడు తండ్రితో. తండ్రి బయటికి వచ్చి బతిమాలతాడు, జవాబులో ఆ మాటను మెల్లగా సరిచేస్తాడు, "నీ తమ్ముడు" అంటాడు. చనిపోయి బతికాడు, తప్పిపోయి దొరికాడు అంటాడు. లూకా అక్కడితో ఆపేశాడు. పెద్దవాడు లోపలికి వెళ్లాడో లేదో రాయలేదు. యేసు పాపులతో కలిసి తింటున్నాడని సణుక్కునే ఆ కాలపు మతపెద్దలకు, అంటే పరిసయ్యులకు, శాస్త్రులకు చెప్పిన కథ అది. గుమ్మం బయట నిలబడింది వాళ్లే. లోపలికి వెళ్లాలా వద్దా వాళ్లే తేల్చుకోవాలి.

రికార్డింగ్‌లో పెద్దవాణ్ని లోపలికి పంపించేశారు. "అన్న కళ్లు తెరుచుకున్నాయి, తమ్ముణ్ని గుండెకు హత్తుకున్నాడు" అని, దాని మీద సన్నాయి. అమ్మ "ఔనా" అంది, అటు తిరిగి పడుకుంది.

వారం తర్వాత బైబిల్ తీసి ఆ అధ్యాయం నేనే చదివి వినిపించాను. "నీ తమ్ముడు" దగ్గర పుస్తకం మూశాను.

"తర్వాత?" అంది.

"అంతే అమ్మా. అక్కడితో అయిపోయింది."

"మరి పెద్దాడు లోపలికి వెళ్లాడా?"

"రాయలేదు."

"రాయకపోవడమేమిటి?"

నేనేమీ అనలేదు. ఆ అన్నగారు వెనక్కి తోసిన కుర్చీ చప్పుడు నాకింకా గుర్తుంది.

ఐదులో మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. పెద్దాయన గొంతుకు విడిగా ఇవ్వగలిగితే ఐదూ ఇచ్చేదాన్ని. ఏడు, ఇరవై రెండు, ద్రాక్షతోట, ఈ మూడూ ముందు వినండి. బాణం కథ, సమరయుడి కథ వినొద్దు, పుస్తకంలో చదువుకోండి. యాప్‌లో ఏ కథనైనా మనకు కావలసిన చోట ఆగిపోయేలా గుర్తు పెట్టుకునే వీలుంది, అది వాడుకోండి. అది వాడొచ్చని నాకు అమ్మ వల్లే తెలిసింది. నిన్న రాత్రి దీపం ఆర్పబోతుంటే పిలిచింది.

"ఆ అన్నదమ్ముల కథ పెట్టవే. తండ్రి బయటికొచ్చి బతిమాలతాడు చూడు, అక్కడిదాకా పెట్టు. తర్వాతది వద్దు."